పటమున ముందు కనబడవలసినది ఏది?

గ్రామములలోని ప్రాథమిక సహకార పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోని కెక్కించు కార్యమునకు కేంద్ర ప్రభుత్వమువారు 2022 జూన్ నెలలో అనుమతి నిచ్చిరి. దేశమందలి 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయల వ్యయముతో తలపెట్టిన కార్యమిది. దీనివలన మేలు చాల కలదు. దానిని మేము కాదనము. కాని మేలుతోపాటు ఒక చిక్కు కూడ వచ్చిపడినది. పూర్వమొక రేఖాపటమును గీయవలెనన్న గుమాస్తా గళ్ల కాగితమును, బద్దను, సిరాబుడ్డిని ముందిడుకొని ఒక పూటంతయు కూర్చుండవలసివచ్చెడిది. అంత శ్రమకు పూనుకొనువాడు గీయవలసినదేదో, విడువవలసినదేదో ముందుగా ఆలోచించుకొనెడివాడు. ఇప్పుడట్లు గాదు. మీట నొక్కినంతనే పండ్రెండు రంగుల పటము వచ్చి యెదుట నిలుచును. శ్రమ తగ్గినది, దానితో ఆలోచనయు తగ్గినది.

సంఘ కార్యాలయపు గోడమీద, సెల్‌ఫోనులో, వ్యవసాయశాఖవారి కరపత్రములో, ఎక్కడ చూచినను పటములే. ఒక్కొక్క దానిలో పదునైదు, ఇరువది గీతలు చిక్కుపడిన నులకవలె పెనవేసికొని యుండును. రైతు క్షణకాలము దానివంక చూచి, ఇది చదువుకొన్నవారికే గాని మనకు గాదని ముఖము త్రిప్పుకొనును. మా అభిప్రాయమున ఇది చూచువాని లోపము కాదు, గీచినవాని లోపము. పొలమున వేయి దుబ్బుల నడుమ తెగులు సోకిన దుబ్బును గట్టుమీదనుండియే గుర్తించు కన్ను కాగితముమీద ఒక్క గీతను గుర్తింపలేకపోయెనన్న తప్పు కన్నుది కానేరదు.

అందరి చేతులలోను ఉన్నట్టి ఉదాహరణము నొకదానిని చూతము. భూసారపరీక్ష పత్రముల పథకము 2015 ఫిబ్రవరి 19వ తేదీన రాజస్థానములోని సూరత్‌గఢ్‌లో ప్రారంభింపబడినది. పత్రమున పండ్రెండు విషయము లుండును: నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఉదజని సూచిక, లవణ పరిమాణము, సేంద్రియ కర్బనము. ఒక రైతు పత్రమున నత్రజని 290, భాస్వరము 34, పొటాషు 310, ఇనుము 9.2, రాగి 1.3, బోరాను 0.71, లవణ పరిమాణము 0.38, జింకు 0.42 అని యున్నవనుకొందము. చూచినంతనే కన్ను దేనిమీదికి పోవును? 310 మీదికి పోవును, ఏలయన అది పెద్ద అంకె. పొటాషు ఆ పొలమున సమృద్ధిగా నున్నది, దానితో ఇప్పుడు పని లేదు. పని యున్నది 0.42తో. జింకు పది లక్షల పాళ్లకు 0.6 పాలైనను ఉండవలెను; ఇక్కడ లేదు. దాని పొరుగుననే యున్న లవణ పరిమాణము 0.38 ఇంకను చిన్న అంకె; కాని అది తక్కువగా నుండుటయే మేలు. రెండంకెలు చూచుటకు అన్నదమ్ములవలె నున్నవి, వాని అర్థములు మాత్రము ఎదురెదురు. ఒకటి హెక్టారునకు కిలోలలోను, ఒకటి పది లక్షల పాళ్లలోను, వేరొకటి మరియొక కొలతలోను ఉన్న అంకెలను ఒకే వరుసలో నిలిపినపుడు వానిని సరిపోల్చుట ఎట్టి విద్యావంతునికిని సాధ్యము కాదు.

ప్రక్క వరుసలో ‘తక్కువ’, ‘మధ్యమము’, ‘ఎక్కువ’ అని వ్రాసియుందురు గదా యని కొందరనవచ్చును. నిజమే, వ్రాసియుందురు. కాని ఆ మాటలును మిగిలిన మాటలవలెనే అదే అచ్చుతో, అదే సిరాతో పండ్రెండు పంక్తులలో ఒదిగియుండును. పండ్రెండింటిని పండ్రెండుసార్లు చదివినవానికే అందలి ఒక్క లోపము తెలియును. తెలియనిచో నేమగును? నాట్లు వేసిన రెండు మొదలు నాలుగు వారములలో వరి ఆకులమీద తుప్పు రంగు మచ్చలు పడి, దుబ్బు ఎదుగక గిడసబారును. రైతు తెగులనుకొని మందుల దుకాణమునకు పోవును. లేదా ఎరువు చాలలేదనుకొని మరియొక బస్తా యూరియా చల్లును. రెంటికిని డబ్బు చెల్లును, జింకు లోపము మాత్రము చెల్లదు. రోగమును చెప్పిన కాగితము ఇంట దూలమున చెక్కియే యుండును.

దీనికి మార్గము కష్టమైనది కాదు. పండ్రెండు విషయములకును ఒకే పొడవు గల పండ్రెండు పట్టీలు గీచి, వాని నడుమ పైనుండి క్రిందివరకు ఒక నిలువుగీత దింపవలెను. ఆ గీతయే హద్దు. ఏ విషయము ఏ కొలతలో నున్నను తన హద్దు కిటువైపున నున్నదా, అటువైపున నున్నదా యనునదియే పట్టీ చూపవలెను. హద్దు చాలినవానిని బూడిదరంగున పలుచగా గీచి, చాలనిదానిని మాత్రము నల్లని సిరాతో చిక్కగా దిద్ది, దాని ప్రక్కనే ‘జింకు చాలదు’ అని రెండు మాటలు వ్రాయవలెను. అంకెలను తీసివేయ నక్కరలేదు. వ్యవసాయాధికారికి అవి కావలెను. అన్నియు కాగితముమీదనే యుండును, కాని ఒక్కటి ముందు కనబడును.

ఇట్లు కనబడుట కేవలము అలవాటువలన వచ్చునది కాదు. కన్నుయొక్క నిర్మాణములోనే అట్టి గుణము కలదు. చేటనిండ పెసలు పోసి అందులో ఒక గురిగింజను వేసినచో వెదకకయే అది కనబడును. పెసలు దోసెడున్నను, కుంచెడున్నను పట్టు కాలము ఇంచుమించుగా ఒక్కటియే. 1980లో ఆన్ ట్రీస్మన్, గ్యారీ గెలాడ్ అను మనశ్శాస్త్రజ్ఞులు రంగు అక్షరములతో పరీక్షలు చేసి ఈ సంగతిని స్థాపించిరి. రంగు, ఆకారమువంటి ఒక్క గుణముచేత వేరైనది దానంతటది పైకి వచ్చును. కాని రెండు గుణములను కలిపి చూడవలసివచ్చెనా కథ మారును. ఎర్రని పొడుగు పూసలును పచ్చని గుండ్రని పూసలును కలిపిన రాశిలో ఎర్రని గుండ్రని పూస నొక్కదానిని వేసి వెదకుమన్నచో, ఒక్కొక్క పూసను చూచుకొనుచు పోవలసినదే. రాశి పెరిగిన కొలది కాలమును పెరుగును. బియ్యములో నల్లరాతిని ఏరుటకును తెల్లరాతిని ఏరుటకును గల భేదము చేట పట్టిన ఆడువారికి ఏ పరీక్షయు లేకుండనే తెలియును. మన పటములు గీయువారు ఒక్కసారి వారిని అడిగియుండిన బాగుండెడిది.

దీనినిబట్టి తేలున దేమనగా, ఎన్ని వస్తువులున్నవన్నది అంత ముఖ్యము కాదు; ముఖ్యమైనది మిగిలినవానికి ఏ ఒక్క గుణమున భిన్నముగా నున్నది యనునదే ముఖ్యము. గురిగింజతోపాటు పదిరంగుల పది గింజలు వేసినచో గురిగింజయు గుంపులో కలిసిపోవును. పెండ్లి పందిటిలో అందరును బాసికములు కట్టుకొని కూర్చున్నచో పెండ్లికొడుకెవడో తెలియదు. పండ్రెండు రంగుల పటమున జరుగుచున్న దిదియే.

గుంటూరు మిర్చి యార్డు ధరల పటమును తీసికొందము. తేజ, బాడిగ, 334, 341 మొదలగు రకములకు ఒక్కొక్క రంగు గీత నిచ్చి, ఏ రంగు ఏ రకమో మూలనొక పెట్టెలో వ్రాయుదురు. చూచువాడు గీతను చూచి, పెట్టెవద్దకు పోయి, ఆ రంగు నారింజయా ఎరుపా యని తర్కించుకొని, మరల గీతవద్దకు వచ్చునప్పటికి తా వెదకు గీత ఏదో మరచును. పేరును గీత చివరనే వ్రాసినచో ఈ ప్రయాణమంతయు తప్పును. తేజ వేసిన రైతునకు కావలసినది తేజ గీత. సెల్‌ఫోనులోనైనచో అతడు తేజ యను పేరును తాకినంతనే ఆ గీత లావెక్కి నల్లబడవలెను, తక్కినవి వెలిసిపోవలెను. వెలిసిపోవలెనే కాని మాయమైపోరాదు. ఏలయన, తేజ ధర క్వింటాలునకు వెయ్యి రూపాయలు పడినదన్నంత మాత్రమున సంగతి తెలియదు. అన్ని రకములును పడినవా, తేజ యొక్కటియే పడినదా యనునది తెలిసినగాని సరుకును శీతలగిడ్డంగిలో నుంచవలెనో, అమ్మివేయవలెనో నిర్ణయింపలేము. గుంపును తొలగించిన పటము కొన్నివేళల గుంపుతో నిండిన పటముకంటె ఎక్కువ మోసము చేయును.

ముఖ్యమైనదానిని మిణుకు మిణుకు మనిపించుట ఇప్పుడొక వేడుకయైనది. అది కన్నును పిలుచును గాని చదువనీయదు. దాని జోలికి పోకుండుట మంచిది.

రంగుల విషయమున వాతావరణశాఖవారి పద్ధతి మెచ్చదగినది. జిల్లాల పటమున వారు వాడు హెచ్చరిక రంగులు నాలుగే: ఆకుపచ్చ యన్న ఏ చర్యయు అక్కరలేదు, పసుపు అన్న కనిపెట్టి చూచుచుండవలెను, నారింజ యన్న సిద్ధముగా నుండవలెను, ఎరుపు అన్న వెంటనే చర్య గైకొనవలెను. దేశమంతటను ఇదే అర్థము. తుపాను దినములలో కోత కోసిన వరిపనలు చేలోనుండగా, పటము తెరచినవాడు తన జిల్లా ఏ రంగున నున్నదో చూచినంతనే కుప్ప వేయవలెనో, వేచియుండవచ్చునో తెలిసికొనగలడు. మన సంఘముల పటములలోనో, ఎరువుల అమ్మకము ఎరుపు, విత్తనముల అమ్మకము పసుపు. ఎందులకనగా అందముగా నుండునని. అపాయమునకు గుర్తైన రంగును అందమునకు ఖర్చుచేసినవాడు రేపు నిజముగా అపాయము వచ్చినపుడు ఏ రంగు వాడునో మాకు తెలియదు.

రంగు నొక్కదానినే నమ్ముటయు తగదు. ఎరుపునకును ఆకుపచ్చకును భేదము తెలియని పురుషులు ప్రతి దేశమునను కలరు. ఐరోపా సంతతివారిలో పండ్రెండుగురు పురుషుల కొకరు ఇట్టివారని లెక్క. మన దేశమున అంతకంటె తక్కువయే గాని లేకపోలేదు. అట్టివారిలో పెక్కుమందికి తమకీ లోపమున్నట్లే తెలియదు. కావున రంగుతోపాటు లావో, ఆకారమో, ఒక మాటయో తోడుండవలెను.

ఇంతవరకు పెద్దదానిని, చాలనిదానిని, హద్దు మీరినదానిని ఎత్తిచూపుటను గూర్చి చెప్పితిమి. కాని ముఖ్యమైన దన్నివేళల ఉన్నదానిలోనే యుండదు. 1854లో లండను నగరమున సోహో అను పేటలో కలరా చెలరేగి ఆరువందలకు పైగా జనులు మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు వీధుల పటమును తీసికొని, ఒక్కొక్క మరణమునకు ఒక్కొక్క చిన్న నల్లగీతను ఆ యింటివద్దనే గీచెను. వీధులు సన్నగీతలు, మరణములు నల్లని గుర్తులు, నీటి పంపులు చుక్కలు. అంతకుమించి ఏమియు లేదు. బ్రాడ్ స్ట్రీటు పంపు చుట్టును గుర్తులు గుమిగూడియుండుట ఎవరికైనను కనబడును. మేము ముఖ్యముగా చెప్పదలచినది అది కాదు. ఆ గుంపునకు దగ్గరలోనే 535 మంది బీదలుండు శరణాలయమున మరణించినవారు ఐదుగురే. పంపునకు చేరువనున్న సారాయి బట్టీవంటి బీరు కర్మశాలలోని పనివారిలో ఒక్కరును చావలేదు. స్నో ఆ రెండు చోట్లను విచారించెను. శరణాలయమునకు సొంత బావి కలదు. కర్మశాలవారికి పని చేయుచోటనే బీరు దొరకుటచేత వారు వీధి పంపు నీటి జోలికి పోలేదు. నీటియందే దోషమున్నదను వాదమునకు మరణముల గుంపు ఎంత బలమో, దాని నడుమ నున్న ఈ ఖాళీలును అంత బలము.

మన సంఘముల పటములలో ఈ ఖాళీలు కనబడవు. పంట అప్పుల పటమున గ్రామమునకొక స్తంభము నిలిపి, అన్నిటికంటె ఎత్తైనదానికి రంగు పూయుట వాడుక. ఒక శివారు పల్లెనుండి ఒక్క దరఖాస్తయినను రాలేదనుకొందము. దానికి స్తంభమే లేదు. స్తంభము లేనిదానికి రంగెక్కడ పూయుదురు? కాని పాలకవర్గమువారు మొట్టమొదట అడుగవలసినది ఆ పల్లెను గూర్చియే. అచ్చటివారందరు కౌలుదారులై, పట్టా కాగితము చూపలేక వడ్డీవ్యాపారి గడప తొక్కుచున్నారేమో. కావున సున్న వచ్చినచోట సున్న యని పెద్దదిగా వ్రాసి, దాని చుట్టును గిరి గీయవలెనని మా సూచన.

ఇక అన్నిటికంటె కష్టమైన సంగతికి వత్తము. ముఖ్యమైనదానిని ఎత్తిచూపుమన్నచో, ముఖ్యమేదో నిర్ణయించున దెవరు? కలమెవని చేతిలో నున్నదో వానికే ఆ అధికారము పోవుచున్నది. డిపాజిట్లు పెరిగినవని నిండు ఆకుపచ్చ స్తంభము నిలిపి, గడువు మీరిన బాకీలను లేతపసుపు సన్నగీతతో సరిపెట్టిన నివేదికలను చూచినవారు మన సభ్యులలో లేకపోలేదు. అందులో ఒక్క అంకెయు అబద్ధము కాదు. ఆడిటరు దానిని తప్పుపట్టలేడు. మహాజన సభకు వచ్చినవారు ఆకుపచ్చను చూచి చప్పట్లు కొట్టి, తీర్మానమునకు చేతులెత్తి, టీ త్రాగి వెళ్లుదురు. మూడు సంవత్సరముల పిమ్మట తమ డిపాజిట్టు తీసికొనబోయినపుడు ఆ పసుపుగీత సంగతి తెలియును. మరికొన్ని పటములలో స్తంభములు సున్ననుండి కాక తొంబదినుండి మొదలగును. తొంబదిరెండు తొంబదినాలుగైనచో ఎత్తు రెట్టింపైనట్లు తోచును. ఇదియు అంకెలలో అబద్ధము కాదు, కన్నునకు చెప్పిన అబద్ధము.

ఇందుకు భయపడి దేనిని ఎత్తిచూపక అన్నిటిని సమానముగా గీచుటయే న్యాయమని వాదించు కార్యదర్శులు కలరు. వారి మాటలో కొంత సత్యమున్నదని ఒప్పుకొందుము. కాని అన్నియు సమానముగా నున్న పటమున బాకీల గీతను వెదకి పట్టుకొనగలవాడు ఎవడు? లెక్కలు తెలిసినవాడు, తీరికయున్నవాడు. అట్టివారు పాలకవర్గమునందే యుందురు. నాలుగెకరముల రైతు, నాలుగు గేదెలను మేపుకొను స్త్రీ దానిని పట్టుకొనలేరు. అందరికిని చూపితిమన్న పేరు మిగులును. చూచినవారు మాత్రము కొందరే.

కావున మా అభిప్రాయమిది. ఎత్తిచూపవలసిన దేదో పటము గీయు నాటికి కాక, అంతకు ముందే, అంకెలు ఇంకను తెలియనప్పుడే నిర్ణయము కావలెను. ఆ నిర్ణయము మహాజన సభ చేయవలెను. సంవత్సరమునకు మించి గడువు మీరిన బాకీలు, నిరుటికంటె పెరిగిన నష్టము, పాలకవర్గ సభ్యుల పేరనున్న అప్పులు, ఒక్క అప్పయినను పొందని పల్లెలు, ఇవి ప్రతి సంవత్సరమును నల్లని సిరాతో ముందు కనబడవలెనని ఒక్క తీర్మానము చేసినచో చాలును. మంచి సంవత్సరమున ఆ నల్లసిరాకు పని తక్కువగును; చెడు సంవత్సరమున ఎక్కువగును. కార్యదర్శికి మొగమాటమునకు తావుండదు, దాచెనను నిందయు రాదు. బాకీలను నల్లగా చూపినచో సంఘము పేరు చెడి డిపాజిట్లు తరలిపోవునని కొందరు భయపడుదురు. బాకీ ఎంతయో ముందే తెలిసిన సభ్యుడు వసూలునకు తోడ్పడగలడు. మూతపడు నాటికి తెలిసినవాడు తాళమువంక చూచి ఏడ్వగలడు, అంతే.

పటము సరిగా వచ్చినదా లేదా యని తెలిసికొనుటకు పెద్ద పరీక్ష లక్కరలేదు. దానిని గీచినవాడు కాక వేరొకరు, సంఘపు లెక్కలతో సంబంధము లేని సభ్యు నొకనిని పిలిచి, రెండు మూడు క్షణములు చూపి, మడిచివేసి, ఏమి చూచితివని అడుగవలెను. సభ నిర్ణయించిన సంగతిని అతడు చెప్పెనా పటము గోడ కెక్కవచ్చును. రంగులు బాగున్నవనెనా మరల గీయవలెను. చదువురాని సభ్యులను కూడ ఇట్లు అడుగవలెనని మా కోరిక. గీత లావును, పట్టీ పొడవును చూచుటకు అక్షరములతో పని లేదు.

చివరిగా ఒక చిన్న సంగతి. సంఘమువారు కంప్యూటరుమీద చూచి మురిసిన రంగుల పటము సభ్యుల చేతికి వచ్చునది జిరాక్సు కాగితమై. అందులో పసుపు పూర్తిగా ఎగిరిపోవును. ఎరుపును ఆకుపచ్చయు ఒకే బూడిదరంగగును. కావున నివేదికను అచ్చునకు పంపుటకు ముందు ఒక్క ప్రతిని నలుపు తెలుపులలో తీయించి, ముఖ్యమైన గీత అందులో నిలిచినదో లేదో చూచుకొనవలెను. లావుగా గీచినచో నిలుచును. ఖర్చు రెండు రూపాయలు.